ఊడదీసిన మైకు

ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. నేర్పిన బిడ్డే పోయింది. ఆ తర్వాత చాలాకాలం పెన్ను పట్టబుద్ధి కాలేదు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గూడూరు దగ్గర అడవి అంచున మా తండా. మక్కచేనులోకి అడవిపందులు రాకుండా ఒక్కదాన్నే రాత్రంతా కావలి కాసిన మనిషిని.

నా బిడ్డ లలిత భూపాలపల్లిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది. ఎవరో వాడి వదిలేసిన పాత లాప్‌టాప్ కొనుక్కుంది. ఇటుకరాయంత బరువు. ఇంటికొచ్చినప్పుడల్లా దానికున్న మైకులోనే నాకు పాఠాలు చెప్పి, రికార్డు చేసి, నా దగ్గరే వదిలి పోయేది. అవి వింటూ అక్షరాలు దిద్దుకునేదాన్ని. ఇంట్లో మేం లంబాడీ మాట్లాడుకున్నా, పాఠం మాత్రం తెలుగులోనే.

జ్వరంతో దవాఖానలో చేరిందని ఫోన్ వస్తే పరుగున పోయాను. నేను చేరేసరికి తెల్లగుడ్డ కప్పి ఉంది.

మా ఆడవాళ్లం చాన్నాళ్లకు కలిస్తే మెడలు పట్టుకుని రాగం తీసి ఏడుస్తాం. ఒకరు ఆగినచోట ఇంకొకరు అందుకుంటారు. ఏడుపు అయ్యాక పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నీళ్లిస్తారు. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. బదులు పలికే మనిషి లేకుండా ఎలా ఏడవాలి?

కొన్నాళ్లకు లాప్‌టాప్‌లో శబ్దం ఆగిపోయింది. లలిత గొంతు మిగిలింది అందులోనే. మహబూబాబాద్‌లో యాకన్న రిపేరు దుకాణానికి మోసుకుపోయాను.

“గిది మ్యూజియంల పెట్టేది అక్కా, నా దగ్గరికి తెచ్చినవ్,” అని నవ్వాడు.

“నవ్వకు తమ్మీ. అండ్ల నా బిడ్డ మాట ఉన్నది. ఏమన్న గాని, చెయ్యి.”

అతను మళ్లీ నవ్వలేదు. ఇయర్‌ఫోన్ పెట్టి ఏదో పాట విన్నాడు. అందులో బాగానే వస్తోంది, లోపలి స్పీకరే పోయిందన్నాడు. స్పీకరుకు పోయే తుప్పుపట్టిన తీగ తీసి కొత్తది అతికించాడు. పనిలో పనిగా మైకు కూడా చూద్దామని రికార్డింగు పెట్టాడు. ఏమీ ఎక్కడం లేదు. తెర చుట్టూ ఉన్న చట్రం విప్పి, మైకు ఊడదీసి బల్లమీద పెట్టాడు. రికార్డింగు ఆపడం మరిచాడు.

స్పీకరు చూడమని లలిత పాఠం పెట్టాడు. “అమ్మా, తొందరపడకు. మళ్లీ చదువు,” అంది నా బిడ్డ.

దుకాణమని కూడా చూడలేదు. లాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని, దవాఖానలో రాని ఏడుపంతా రాగం తీసి ఏడ్చాను. యాకన్న పాఠం ఆపేసి అటు తిరిగి నిలబడ్డాడు.

నేను తేరుకున్నాక అతనికి రికార్డింగు నడుస్తున్నట్టు కనిపించింది. ఆపి, వినిపించాడు.

నా ఏడుపు ఒక్క ముక్క పడలేదు. నేను ఏడ్చినంతసేపూ ఖాళీ. కానీ ఊపిరి కోసం నేను ఆగిన చోటల్లా ఒక ఆడగొంతు అందుకుంది. మా భాషలో, “యాడీ” అంటూ, రాగం తీసి. యాడీ అంటే అమ్మ.

“ఎవలక్కా గది?” అన్నాడు యాకన్న. బల్లమీది మైకును వేలితో తాకి చూశాడు. “మైకు ఈడనే ఉన్నది గదా!”

పాఠమే లోపలి నుంచి ఎక్కిందేమో అన్నాడు. పాఠం తెలుగులో ఉంది. తర్వాత లలిత పాఠాలన్నీ విన్నాను. ఒక్కదాంట్లోనూ ఏడుపు లేదు. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మరునాడు పొద్దున ముఖం కడుక్కుని, చెంబెడు నీళ్లు ముంచి తెచ్చి, లాప్‌టాప్ పక్కన పెట్టాను. తాగమన్నాను.