బకెట్లో కాసిన తొలికాయ

మైదుకూరు బజారులో కన్యకమ్మ వాళ్ల పప్పుల అంగడి మీద ఒక రేకుల గది ఉంది. గది ముందర నాలుగు బకెట్లు పట్టేంత జాగా. సంతోషమ్మ నాలుగూ పెట్టేసింది. రంగులేసేవాళ్లు పారేసిపోయిన పెద్ద బకెట్లు అవి. చువ్వ కాల్చి అడుగున తూట్లు పొడిచింది. రెండింటిలో పాలకూర, ఒకదానిలో వంగమొక్క, గోడవారన ఉన్నదాంట్లో సొరతీగ.

మట్టి మాత్రం ఓర్వకల్లు దగ్గరి తన ఊరి నుంచి సిమెంటు సంచిలో బస్సెక్కించి తెచ్చుకుంది. "మైదుకూర్లో మన్ను దొరకదా ఏమమ్మా?" అని కండక్టరు నవ్వాడు. ఆమె సంచిని కాళ్ల దగ్గరికి లాక్కుంది. భర్త నెహెమ్యా పోయి అప్పటికి ఏడాదిన్నర. ఇద్దరూ కౌలుకు చేసిన చేను వేరేవాళ్ల చేతికి పోయింది. దాని గట్టు మీది ఎర్రమట్టి ఒక్క సంచి ఎత్తుకోవడానికి ఆమె ఎవరినీ అడగలేదు.

పగలంతా అంగట్లో కందులు చెరిగి రాళ్లేరుతుంది. సాయంత్రం పైకొచ్చి పప్పు కడిగిన నీళ్లు బకెట్లకు పోస్తుంది. "తాగు తల్లీ" అంటుంది తీగతో. అది కాక రోజంతా ఆమె నోట వచ్చేవి "సరేమ్మా", "వస్తాండా" అనే మాటలే.

ఆదివారం చర్చికి పోతుంది. ఏడాదిగా అదే వెనక చాప, అదే స్తంభం పక్కన. "వందనాలమ్మా" అంటారు, "వందనాలు" అంటుంది. పేరు అడిగినవాళ్లు లేరు. ఊళ్లో అట్లా కాదు. కోత పండగనాడు తొలిపంట తెచ్చి చర్చిలో పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. సంఘపెద్ద లేవి ఒక్కొక్కటే పైకెత్తి, తెచ్చినవాళ్ల పేరు గట్టిగా చెప్పేవాడు. "సంతోషమ్మ తెచ్చిన గుమ్మడికాయ!" అంటే అందరూ తిరిగి చూసేవారు. ఈ చర్చిలోనూ అదే ఆనవాయితీ అని తెలిసిన నాడే ఆమె సొర గింజ నాటింది. తన పేరు ఒక్కసారి అట్లా ఎవరైనా పిలవాలి. అంతే.

తీగ పూసింది గానీ పిందెలు నిలవలేదు. బజారు మిద్దె మీదికి ఏ పురుగు వస్తుంది? సొరపూలు విచ్చేది పొద్దుగూకేటప్పుడు. ఆమే మగపూవు తుంచి, పిందె ఉన్న పూవుకు మెల్లగా తాకించింది. ఒకటి నిలిచింది.

జానెడు కాయ అయినప్పుడు కన్యకమ్మ పైకొచ్చింది.

"ఏమ్మే సంతోషమ్మా, కాయ శానా లేతగా ఉండాది. కోసియ్యి, పాలు పోసి కూర చేస్తా. నీకూ ఒక గిన్నె పెడతా."

"అది దేవునిదమ్మా. వచ్చే ఆదివారం కోత పండగ."

ఆ ఆదివారం పండగ జరగలేదు. పాస్టరుగారికి జ్వరమని రెండు వారాలు వాయిదా వేశారు, తర్వాత ఇంకొక వారం. కోసి దాస్తే కాయ వాడిపోతుంది. తీగకే ఉంచితే ముదురుతుంది. వాడిన కాయ దేవునికెట్లా పెట్టేదని తీగకే ఉంచింది. నూగు రాలిపోయింది. తోలు మీద గోరు దిగడం మానేసింది. కాయ ముదిరేకొద్దీ తీగ కొత్త పిందె వేయలేదు.

"దీన్ని నమలాలంటే మీ దేవునికి పళ్లు గట్టిగా ఉండాల మే" అంది కన్యకమ్మ.

పండగనాడు చీకటితోనే చర్చికి పోయి, కాయను బల్ల మీద ఒక మూల పెట్టి స్తంభం పక్కన కూర్చుంది. వేరుసెనగ బుడ్డల మూటలు, పసుపు కొమ్ములు, టమోటా బుట్టలు వచ్చి చేరాయి. వేలం మొదలయ్యాకే ఆమె గమనించింది, ప్రతిదానికీ పేరు రాసిన చీటీ కట్టి ఉంది. ఊళ్లో చీటీలు ఎరగరు. ఎవరిదేదో అందరికీ తెలుసు.

వేలం పాడించే యేసుప్రసాద్ సొరకాయను ఎత్తి వేలితో తట్టాడు. టక్కుమంది.

"ఇది సొరకాయనా, తంబూరా బుర్రనా? దీనికి కత్తి కాదప్పా, గొడ్డలి కావాల!"

అందరూ నవ్వారు.

"చీటీ లేదే. ఎవరు తెచ్చినారు?"

ఇప్పుడు చెబితే పేరు ఆ నవ్వులోనే కలిసిపోతుంది. సంతోషమ్మ తల వంచుకుంది.

"పోనీ, ఎవరన్నా పాడండి. దేవుని సొమ్ము."

ఎవరూ పాడలేదు. అతను కాయను బల్ల కిందికి దించబోయాడు. అది చూసి ఆమె చెయ్యి పైకి లేచింది.

"పది రూపాయలు."

"ఆ స్తంభం పక్కన అక్క! పేరేమక్కా?"

"సంతోషమ్మ."

"గట్టిగా చెప్పక్కా, ఈడికి వినపడల్యా."

"సంతోషమ్మ!"

"సంతోషమ్మ పాట పది రూపాయలు, ఒకటోసారి! సంతోషమ్మ పాట, రెండోసారి! సంతోషమ్మ పాట, మూడోసారి!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె లేచి ముందుకు నడిచి, తన కాయను రెండు చేతులతో అందుకుంది.

అంగడి మెట్ల దగ్గర కన్యకమ్మ చూసింది. "ఏమ్మే, మీ దేవుడు వాపసిచ్చినాడా?"

"ఇచ్చినాడమ్మా" అని పైకి పోయింది. రేకుల కింది కమ్మీకి తాడు కట్టి, గింజలకని కాయను ఎండబెట్టింది.

మరుసటి ఆదివారం స్తంభం దగ్గరికి ఒక ముసలామె వచ్చి నిలబడింది. "వందనాలు సొరకాయమ్మా" అంది నవ్వుతూ.

"వందనాలు" అని సంతోషమ్మ చాప మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

ముసలామె తన వాళ్లున్న ముందు వరసకు పోయింది. సంతోషమ్మ మాత్రం ఆరాధన అయ్యేదాకా జరిగిన చోటే కూర్చుంది.