మొదటి లడ్డు కుళ్లుకున్నవాళ్లకే

నా బిడ్డ పోయింది. వానలు మొదలైన నెలలో జ్వరం వచ్చి దవాఖానలో చేరింది, మళ్లీ ఇంటికి రాలేదు. మగ్గాల పనికి ఈ గుజరాతీల ఊరికి వచ్చి డిండోలిలో ఉంటున్న మనవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. వచ్చారు, చూశారు, నా పక్కన కూర్చున్నారు. తెలియనివాళ్లకు ఇప్పుడు నేనే చెబుతున్నాను. పన్నెండో తరగతి పాసై, నర్సింగ్ కాలేజీలో సీటు కోసం ఎదురుచూస్తున్న పిల్ల. ఎవరికి ఎక్కడ సీటు వచ్చిందో తెలిసేలోపలే పోయింది.

మన సమాజం ఏటా వేసే ఈ పుస్తకంలో పిల్లల ఫోటోలు వేసి, కింద మార్కులు, చేరిన కాలేజీ రాస్తారు కదా. ఈసారి కమిటీ పెద్దమనిషి ఇంటికి వచ్చి, మీ అమ్మాయికి వెనకాల ఒక పేజీ ఇస్తాం, దండ వేసిన ఫోటో పెడతాం, నాలుగు మాటలు మీరే రాయండి అన్నాడు. నేను ఊళ్లో ఐదో తరగతి దాకా చదివాను. అక్షరాలు మరిచిపోకుండా ఉన్నానంటే అది బిడ్డ పుణ్యమే. మాటలు రాస్తానన్నాను. ఫోటో మాత్రం వెనకాల వద్దు, పన్నెండో తరగతి పిల్లల వరుసలోనే పెట్టండి, కాలేజీ పేరు రాసే చోటు ఖాళీగా వదిలెయ్యండి అన్నాను. ఎందుకమ్మా అన్నాడాయన. వేరే పేజీలో ఒక్కతే కూర్చుంటే నా బిడ్డ ఎవరిని చూసి కుళ్లుకోవాలి?

నవ్వొస్తే నవ్వుకోండి. నా బిడ్డ కుళ్లుబోతు. ఆ మాట నేను పెట్టింది కాదు, తను చెప్పుకునేదే.

మా ఎదురింట్లో తన ఈడు పిల్ల ఒకతి ఉంది. ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ. మా తలుపూ వాళ్ల తలుపూ ఎదురెదురు, మధ్యలో మెట్లు. పదో తరగతి రిజల్టు వచ్చిన రోజు ఎదురింటి పిల్లకు నా బిడ్డకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. వాళ్లమ్మ కూతురిని వెంటబెట్టుకుని, లడ్డూల డబ్బా పట్టుకుని మా గడపలో నిలబడి, ఇయ్యాలా వద్దా అన్నట్టు చూస్తోంది. నేను ముఖానికి నవ్వు తెచ్చుకుని చాలా సంతోషం అక్కా అంటున్నాను. బిడ్డ గదిలోంచి వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేరుగా పోయి ఎదురింటి పిల్ల ముందు నిలబడింది.

"నాకు మస్తు కుళ్లుగున్నదే నిన్ను చూస్తే. ముందుగాల లడ్డు నాకు పెట్టు."

ఆ పిల్ల ముందు బిత్తరపోయింది, తర్వాత పకపకా నవ్వింది. లడ్డు తీసి నా బిడ్డ నోట్లో కుక్కింది. నోటినిండా లడ్డుతోనే నా బిడ్డ ఏడ్చింది, నవ్వింది కూడా. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఒకే దుపట్టా కప్పుకుని మెట్ల మీద కూర్చుని ముచ్చట్లు పెట్టుకున్నారు.

అప్పట్నుంచి మా బిల్డింగులో అది ఆచారమైపోయింది. రిజల్టు రోజు పిల్లలంతా ఫోన్లు పట్టుకుని మెట్ల మీద చేరతారు. ఒక్కొక్కరు లేచి ఎన్ని వచ్చాయో చెబుతారు. విన్నవాళ్లలో ఎవరికి కుళ్లు పుడితే వాళ్లు చెయ్యి ఎత్తాలి. మొదటి లడ్డు వాళ్లకే. ఒక ఏడు కింది అంతస్తు పిల్లవాడు ఫెయిలయ్యాడు. వాడు ప్రతి పేరుకూ చెయ్యి ఎత్తాడు. చివరికి అందరి డబ్బాల్లో మొదటి లడ్డు వాడే తిని, కడుపు పట్టుకుని మెట్ల మీద పడుకున్నాడు. వాళ్ల నాన్న కొట్టడానికి పైకి వచ్చి, అది చూసి నవ్వాపుకోలేక తిరిగిపోయాడు.

సిగ్గు లేదా నీకు, ఎవరన్నా నాకు కుళ్లుగుందని నోటితో చెప్పుకుంటారా అని నేను తిట్టాను. బిడ్డ అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"కుళ్లు లోపల పెట్టుకొని పైకి నవ్వుతే మొహం తిమ్మిరెక్కుతది మమ్మీ. చెప్తే పోతది. గంతే."

తిమ్మిరి అనే మాట ఊరికే అనలేదు. దాని వెనక ఒక సంగతి ఉంది. తను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల నాన్న వేలు మగ్గంలో పడింది. దవాఖానలో నర్సమ్మ మంచిదే, ఎట్లా ఉందని హిందీలో అడుగుతూనే ఉంది. ఆయన గుంజుతుంది అంటాడు, కాసేపాగి సలుపుతుంది అంటాడు. ఆమెకు అర్థం కాదు, ఈయనకు నొప్పికి దర్ద్ అనే ఒక్క మాట తప్ప రాదు. బడి నుంచి అట్నుంచటే వచ్చిన నా బిడ్డ మధ్యలో నిలబడి, గుంజుడు ఎట్లా ఉంటుందో నర్సమ్మకు చెయ్యి లాగి చూపించింది, సలుపు ఎట్లా ఉంటుందో మంచం మీద వేలితో కొట్టి చూపించింది. ఆమె నవ్వి, నువ్వే నర్సువి కావాలి బేటా అంది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో బిడ్డ నాతో అంది, "వాళ్లకు దర్ద్ ఒక్కటే మమ్మీ. మనకేమో పోటు, సలుపు, గుంజుడు, మంట, తిమ్మిరి. మనోళ్లు ఈడ నొప్పి చెప్పుకోలేకనే సగం ఖరాబైతున్నరు."

అంతే, ఇక నర్సింగే. నేను ఇంట్లో చీరలకు రాళ్లు అతికించే పని చేస్తాను. సాయంత్రం బిడ్డ నా ఎదురుగా కూర్చుని ఒక కొస పట్టుకునేది. రాయి పెడుతూ పాఠం చదివేది, గుజరాతీలో ఒకసారి, నా కోసం తెలుగులో ఒకసారి. నెత్తురు ఎటునుంచి ఎటు పోతుందో నేను ఆ చీరల మీదే నేర్చుకున్నాను. పమిట అంచు మీద గమ్ము పూసి ఇది గుండెకు పోయే తొవ్వ, ఇది వచ్చే తొవ్వ అని వేలితో గీసేది. గమ్ము ఆరిపోతుందే అని నేను అరిచేదాన్ని.

బడి నుంచి వస్తే గిన్నెలోంచి నీళ్లు నిలబడే తాగేది, ఎంత చెప్పినా కూర్చునేది కాదు. మార్కులు చెప్పాలంటే ముందు ఊరందరివీ చెప్పేది. దానికి ఇన్ని, వాడికి ఇన్ని, ఎదురింటిదానికి ఇన్ని. తనవి చివరన. నాకు ఓపిక ఉండేది కాదు. నీవి చెప్పవే ముందు అంటే, ఆగు మమ్మీ, లైన్ల ఉన్న అనేది.

ఈసారి పన్నెండో తరగతిలో కూడా ఎదురింటి పిల్లకే కొంచెం ఎక్కువ వచ్చాయి. నా బిడ్డ చెయ్యి ఎత్తి మొదటి లడ్డు తిన్నది. ఇద్దరూ నదికి అవతల అడాజన్ వైపు ఉన్న ఒకే కాలేజీకి పెట్టుకున్నారు. సీటు రాకముందే ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చూసుకున్నారు. ఒకరోజు వీధి వైపు గ్యాలరీలో బట్టలు ఆరేస్తుంటే బిడ్డ వచ్చి చెప్పింది, మెడలో కాలేజీ కార్డు వేసుకుని తను ఈ కిందినుంచే పోతుందట, నేను రోజూ ఇక్కడ నిలబడి చూడాలట. రోజూ చూడడానికి నాకు పనేం లేదా అన్నాను. "కార్డు పైకి లేపుతా. చూసి లోపలికి పో, గంతే."

జ్వరం గురించి ఎక్కువ రాయలేను. ఒక్కటే రాస్తాను. పక్క మంచంలో మన ఊళ్ల వైపు ముసలమ్మ ఒకామె ఉండేది. ఆమె పొట్ట పట్టుకుని మూలుగుతుంటే, సెలైన్ ఎక్కుతున్న చేతితోనే నా బిడ్డ నర్సును పిలిచి, మంట కాదంట, పోటంట అని చెప్పింది. నా బిడ్డ చేసిన నర్సు పని అదొక్కటే. ఆ ముసలమ్మ బాగై ఇంటికి పోయింది. ఆమె చల్లగా ఉండాలి. ఆమె కొడుకు ఆమెను పట్టుకుని మెల్లగా నడిపించుకుపోతుంటే నాకు పుట్టిన కుళ్లు ఇంతా అంతా కాదు.

ఆ తర్వాత సీట్లు వచ్చాయి. మన సమాజం గ్రూపులో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. ఫలానా కాలేజీ, ఫలానా కోర్సు, పక్కన అమ్మానాన్నలతో ఫోటో. కింద చప్పట్లు, దండాలు. మా ఆయన తన ఫోనులో ఆ గ్రూపు తెరవడం మానేశాడు. మగ్గాల చప్పుడులోనే నిమ్మళంగా ఉందని రోజూ ఆలస్యంగా వస్తున్నాడు. నేను మాత్రం చూశాను. ప్రతి ఫోటో చూశాను. ఎవరి బిడ్డ పక్కన ఎవరి తల్లి నిలబడిందో, ఏ చీర కట్టిందో, కొంగు ఎట్లా సర్దుకుందో చూశాను.

సీట్లు వచ్చినప్పుడు మా బిల్డింగు పిల్లలు మెట్ల మీద చేరలేదు. నేను తలుపు తీస్తే మాటలు ఆగిపోయేవి. ఒకామె నన్ను చూసి మిఠాయి డబ్బా మీద తువ్వాలు కప్పింది. వాళ్లది మంచి మనసే, నాకు తెలుసు. పిల్లలందరూ నీ పిల్లలే అనుకో అని పెద్దవాళ్లు చెప్పారు. అనుకుందామని చూశాను, కుదరలేదు. పొద్దున ఎదురింటక్క, బస్సు పోతది లేవ్వే దున్నపోతా అని కూతురిని తిడుతుంటే తలుపు ఇవతల నాకు గుండెల్లో మండేది. తిట్టడానికి ఆమెకు ఒక మనిషి ఉంది. జడ గట్టిగా వేశావని గొణిగే మనిషి ఉంది. అన్నం డబ్బా సగం తిని తెచ్చే మనిషి ఉంది.

ఎదురింటి పిల్లకు ఆ కాలేజీలోనే సీటు వచ్చిందని తలుపు ఇవతలనుంచే తెలిసింది. నాతో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల కూడా రాలేదు. నా ముఖంలో నవ్వు మాత్రం ఉండేది, ఎవరు కనబడితే వాళ్లను చూసి నవ్వేదాన్ని. బిడ్డ చెప్పినట్టే ముఖం తిమ్మిరెక్కింది.

ఒకరోజు పొద్దున చెత్త బయట పెడదామని తలుపు తీశాను. ఎదురింటి పిల్ల మెట్ల మీద ఉంది. బూట్లు చేతిలో పట్టుకుని, ఒట్టి కాళ్లతో, చప్పుడు కాకుండా దిగుతోంది. నన్ను చూసి మెడలో ఉన్న కార్డు గబుక్కున బ్యాగులో వేసుకుంది. ఇన్ని రోజులూ నా గడప ముందునుంచి అట్లానే పోతోందని అప్పుడు అర్థమైంది.

"సీటు వచ్చిందంట గదా. నాకు చెప్పలే," అన్నాను.

"ఎట్ల చెప్పాలె చిన్నమ్మా?"

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, దాన్ని దగ్గరకు లాక్కోవాలనీ అనిపించింది, నెట్టెయ్యాలనీ అనిపించింది. నోట్లోంచి వచ్చింది మాత్రం నా మాట కాదు.

"నాకు మస్తు కుళ్లుగున్నదే నిన్ను చూస్తే. ముందుగాల లడ్డు నాకు రావాలె గదా. ఏది?"

ఆ పిల్ల అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. బస్సు పోయింది. వాళ్లమ్మ తలుపు తీసి మమ్మల్ని చూసి, మళ్లీ దగ్గరకు వేసుకుంది.

తర్వాతి బస్సుకు పోయిన పిల్ల సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ కాగితంలో ఒక్క లడ్డు తెచ్చింది. సీటుకు పంచిన లడ్డూలు అయిపోయి ఎన్నో రోజులైంది, ఎక్కడ కొన్నదో. నా ఎదురుగా, నా బిడ్డ కూర్చునే చోట, చీర కొస అవతల కూర్చుంది. చెప్పు అన్నాను. క్లాసులో ఎవరెవరు చేరారో, వాళ్లకెన్ని మార్కులో, ఎవరు ఏ ఊరినుంచి వస్తారో అన్నీ చెప్పింది. నీ సంగతి చెప్పవే అంటే, ఆగు చిన్నమ్మా, లైన్ల ఉన్న అంది. అని తనే ఉలిక్కిపడింది. చివరన తన మార్కులు, తన సీటు చెప్పింది. నేను చెయ్యి ఎత్తాను. లడ్డు నా నోట్లో పెట్టింది. తీపి తెలియలేదు, కానీ మింగాను.

మెల్లగా అడిగింది, "ఎట్లున్నది చిన్నమ్మా? సలుపా, పోటా?"

ఇన్ని రోజుల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆలోచించి చెప్పాను, గుంజుడు అని. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో తెలియదు, రాళ్ల గమ్ము ఆరిపోయింది.

కుళ్లు పోలేదు. చెబితే పోతుందని బిడ్డ అన్నది, అది మాత్రం పూర్తిగా నిజం కాదు. ఈ పుస్తకంలో మీ పిల్లల ఫోటోలు చూసినా నాకు కుళ్లే. అయినా నా ముందు డబ్బాల మీద తువ్వాలు కప్పకండి. నేను చెయ్యి ఎత్తుతాను, మొదటిది నాకు పెట్టండి.

ఇప్పుడు పొద్దున ఎదురింటి పిల్ల బూట్లు వేసుకుని టకటకా దిగిపోతుంది. నేను బట్టలు ఆరేసే మిషతో మూడో అంతస్తు గ్యాలరీలో నిలబడతాను. నా బిడ్డ చెప్పి పెట్టిందేమో, కిందికి పోయాక మలుపు దగ్గర ఆగి, మెడలో కార్డు తీసి తలకంటే పైకి లేపుతుంది. ఇంత ఎత్తునుంచి నీలం తాడు కనబడుతుంది, ఎండకు మెరిసే తెల్లటి ముక్క కనబడుతుంది. దాని మీద ఫోటో ఎవరిదో మాత్రం ఇక్కడికి కనబడదు.