ఎస్సై పిల్లిని ఏరు దాటించినాము

నల్లప్ప పిల్లి పేరు ఎస్సై. వీధిలో పిల్లోళ్లు పెట్టినారు ఆ పేరు, తప్పు చేసినోన్నీ చేయనోన్నీ ఒకే మాదిరి పీకుతాదని. నన్ను నాలుగు సార్లు కరిచింది. నాలుగోసారి మోకాలి కింద కండ పట్టుకుని యాలాడింది, దొంగముండ. కళ్యాణదుర్గం పోయి సూదులేయించుకుని వచ్చినా. అందుకే ముందే చెప్తాండా, ఆ పిల్లి అంటే నాకు పడదు.

నల్లప్ప మా పక్కింటోడు. శెనిక్కాయల మండీలో హమాలీ. పెండ్లాము కరోనాలో పోయింది. మరుసటేడు ఒక్క కూతురు అంజలికి పెండ్లి చేసి గార్లదిన్నెకు పంపినాడు. ఇంక ఆయప్ప, రేకుల కొంప, అంతే. ఒక దినం మండీలో మూటల సందున కండ్లు తెరవని పిల్లికూన దొరికితే తువ్వాల్లో చుట్టుకుని తెచ్చినాడు. నా మేక పాలే తాపి సాకినాడు.

దాన్ని చెడగొట్టింది కూడా ఆయప్పే. చేతికి గోనెపట్ట చుట్టుకుని "రా, పట్టు, కరువు" అని ఆడిస్తాండె. కూనగా ఉన్నప్పుడు అది ముద్దుగానే ఉన్నె. పెద్దదైనాక మనిషి చెయ్యి ఆడితే చాలు, ఎగిరి దూకుతాండె. ఆయప్పను కూడా ఇడిసిపెట్టలేదు. రక్తం కారే చెయ్యి చూపించి "చూడు చిన్నక్కా, దీనికి ఎంత పౌరుషమో!" అంటాడు. పౌరుషమంట! ఇంట్లో పలకరించే దిక్కు లేక గీరినా ముద్దే అనుకుంటాండె, పిచ్చి మనిషి.

మొన్న సంక్రాంతి పోయినాక అంజలి మొగుణ్ణి తీసుకుని వచ్చింది. అల్లుడు శశికుమార్ ప్యాంటు మడిచి కాళ్లు కడుక్కుంటాంటే ఎస్సై వెనక నుంచి వచ్చి పిక్క పట్టుకునింది. అన్నం కూడా తినకుండా ఆ సాయంత్రమే బస్సెక్కినారు. అంజలి అప్పటికే కడుపుతో ఉండాది.

మా పక్క మొదటి కాన్పు పుట్టింట్లోనే. అమ్మ లేకపోయినా నాయన ఉన్నాడు కదా, చేసేదానికి నేనుండా కదా. నల్లప్ప గోడలకు సున్నం కొట్టినాడు. మంచం పట్టెలు మార్చి నేసినాడు. మండీలో కనపడినోళ్లందరికీ "మా అంజలి వస్తాంది" అని చెప్పుకున్నాడు. ఆయప్పకు ఫోను లేదు, నా ఫోనుకే వస్తాయి మాటలు. ఒక దినం అంజలి ఫోను చేసింది. "పిల్లి ఉంటే మా అత్తోళ్లు పంపరంట నాయనా" అనింది.

ఆయప్ప మొహం చూడాల్సింది. నా అరుగు మీద కూలబడినాడు.

"ఏం చేద్దాం చిన్నక్కా?"

"మందు పెట్టు, పీడ పోతాది."

"అయ్యో! పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేపించి కాశీలో ఇడవాల్నంట. నేను యాడ తెచ్చేది బంగారం?"

అదీ నిజమే. మా ఊర్లో కోడిని కోస్తారు, కుక్కను కొడతారు, పిల్లి జోలికి మాత్రం పోరు. పిల్లిని వదిలించుకునేదానికి దావ ఒకటే. గోతంలో ఏసి, దిక్కు తెలీకుండా మూడు సుట్లు తిప్పి, ఏరు దాటించి ఇడిసిపెట్టాల. నీళ్లు దాటిన పిల్లికి ఇల్లు గుర్తుండదంట. మా తాతల కాలం నుంచి అట్లనే చేస్తాండారు.

నల్లప్ప అట్లనే చేసినాడు. చేతులు రెండూ గీరించుకుని దాన్ని గోతంలోకి తోసి, పెన్నేరు దాటి, అవతల ఊరి గడ్డివాముల కాడ ఇడిసి వచ్చినాడు. ఆ రాత్రి సంగటి ముట్టలేదు.

తొమ్మిదో దినం తెల్లారి చూస్తే గడప మీద ఎస్సై! కాలి అడుగులు పగిలి, పక్కలు లోపలికి పోయి, చెవి చినిగి కూర్చోనుండాది. నేను నెత్తిన చేతులు పెట్టుకున్నా. రాకుండా ఏం చేస్తాది! ఏట్లో నీళ్లుంటే కదా నీళ్లు దాటేది! ఎన్నేండ్లాయ ఆ ఏట్లో చెంబుడు నీళ్లు పారి? ఇసుకలో పోయింది, ఇసుకలోనే వచ్చింది. ఆ మాత్రం తెలివి నాకూ లేకపాయె, ఆయప్పకూ లేకపాయె.

నల్లప్ప దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చినాడు. ఆ దినం మాత్రం అది కరవలేదు. "నన్ను ఎతుక్కుంటా వచ్చింది చిన్నక్కా. ఉండనీలే" అన్నాడు.

నాకు మండింది. "నీకు కూతురు కావాల్నా, పిల్లి కావాల్నా? ఎనిమిదో నెల పడింది ఆ పిల్లకు. ఇంకెప్పుడొస్తాది?"

ఆయప్ప లేచిపోయి గోతం తెచ్చినాడు.

ఈసారి నేనూ పోయినా. మిట్టమధ్యాన్నం. ఇసుక చెప్పుల్లోకి పోయి కాళ్లు కాలుతాండె. గోతంలో అది అరుస్తాంది, పెనుగులాడుతాంది. అవతలి గట్టున తుమ్మచెట్టు కింద దించినాము. నల్లప్ప మూతి ఇప్పబోతే చెయ్యి పట్టుకున్నా.

"ఇప్పితే మళ్లా వస్తాది. కట్టు కట్టినట్టే ఉండనీ."

"ఎండ చిన్నక్కా..."

"నీడలోనే పెట్టినాము కదా. గొర్రెలోళ్లు తిరుగుతాంటారు, ఎవరో ఒకరు ఇప్పుతారు. ఇప్పకపోతే వాళ్ల పాపం. చంపింది మనం కాదు."

ఆ మాట నేనే అన్నా. ఎవరి మీదికీ తోయను. అట్లంటే పాపం తగలదని నిజంగానే అనుకున్నా. నల్లప్ప తిరిగి తిరిగి చూసుకుంటా నడిచినాడు. నేను రెక్క పట్టుకుని లాక్కొచ్చినా.

రెండు దినాలు అంజలి ఫోను కలవలేదు. మూడో దినం కలిసింది. స్పీకరు పెట్టి ఇస్తే నల్లప్ప ఫోను నోటికి ఆనిచ్చుకుని అరిచినాడు. "అమ్మా, పిల్లి పీడ పోయింది! ఇంగ రాదు. ఎప్పుడొస్తావో చెప్పు, ఆటో మాట్లాడుకుని నేనే వస్తా."

అంజలి మెల్లగా అనింది. "నాయనా, మా అత్తోళ్లు ఏమీ అన్లేదు. పిల్లి మాట నేనే చెప్పినా. ఆడ బాత్రూము లేదు, ఈ ఎండలకు రేకుల కింద పసిబిడ్డతో నేనుండలేను. ఈడ ఫ్యాను ఉండాది, ఆస్పత్రి దగ్గర. నువ్వు నొచ్చుకుంటావని పిల్లి మీద పెట్టినా."

"సరేలేమ్మా" అన్నాడు నల్లప్ప. "మంచి పని చేసినావు. బాగా తిను."

ఫోను నా చేతిలో పెట్టి, చెప్పులు కూడా ఏసుకోకుండా ఏటి దిక్కు పరిగెత్తినాడు. నేను ఆయాసపడుకుంటా వెనకే పోయినా. గోతం పెట్టిన చోటనే ఉండాది. ఎవరూ ఇప్పలేదు. దగ్గరికి పోకముందే వాసన. నల్లప్ప ముడి ఇప్పి లోపలికి చూసినాడు, మళ్లా కట్టేసినాడు. లోపలి నుంచి గోతాన్ని గీరి గీరి ఒక పక్క పీచు పీచు చేసింది అది. ఇంకొంచెం ఉంటే చినిగిపోతాండె.

ఇసుకను చేతుల్తో తోడినాడు. నేనూ తోడినా. నన్ను ఒక్క మాట అన్లేదు. తిట్టింటే బాగుండె, ఒక్క దెబ్బ కొట్టింటే ఇంకా బాగుండె. గుంత పూడ్చినాక అన్నాడు. "ఆ పిల్లకు చెప్పొద్దు చిన్నక్కా. నిండు మనిషి, మనసు కష్టపెట్టుకుంటాది."

నేనా ఊరుకునేది! ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా అంజలికి ఫోను చేసినా. గోతం, ఎండ, వాసన, మీ నాయన ఇసుక తోడిన చేతులు, అన్నీ చెప్పినా. కసి తీరా చెప్పినా. ఆ కసి ఆ పిల్ల మీదనో నా మీదనో నాకే తెలీదు.

అంజలి అంతా వినింది.

"పోనీలే అత్తా. ఎట్లాగూ అది అందర్నీ కరుస్తాండె కదా" అనింది. "నాయనకు చెప్పు, కాన్పు అయిందని తెలిస్తే ఎంటనే బస్సెక్కొద్దని. ఈడ అందరూ ఉంటారు, ఆయప్ప ఆ మండీ గుడ్డల్తోనే వస్తాడు. మేమే ఎప్పుడో ఒకప్పుడు వస్తాంలే."

బిడ్డ పుట్టి పదహైదు దినాలాయ. ఆడబిడ్డ. ఫోను నాకు ఆ దినమే వచ్చింది. నల్లప్ప దినామూ మండీకి పోయే ముందర నా వాకిట్లో నిలబడి అడుగుతాడు.

"ఏమన్నా తెలిసిందా చిన్నక్కా?"

"ఇంకా లేదు నల్లప్పా" అంటాండా.