అతిథులొచ్చే రోజు పిక్నిక్

ఈ ఉదయం నేనొక అబద్ధమాడాను. ఎక్కడా తడబడకుండా, నవ్వు ముఖంతో ఆడాను. అబుదాబిలో నేను చదువుకున్న బడిలో ఇవాళ సీట్ల కోసం వచ్చే కుటుంబాలకు తరగతులు చూపిస్తున్నారు. పూర్వ విద్యార్థిగా వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమని ప్రిన్సిపాల్ అడిగితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. గేటు దాటగానే ఊదు పొగ ముక్కుకు తగిలింది. దానికింద ఆరీ ఆరని పెయింటు వాసన, ఇంకా కింద ఫినాయిల్ వాసన. ఆ మూడూ కలిసి వస్తే ఆ బడిలో అర్థం ఒక్కటే. హాల్లోకి అడుగుపెట్టగానే కిటికీలోంచి వెనక గేటు వైపు చూశాను. చిన్న బస్సు ఒకటి ఆగి ఉంది. తలమీద టోపీలు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు పట్టుకుని పిల్లలు కేరింతలు కొడుతూ ఎక్కుతున్నారు.

సరిగ్గా అప్పుడే రాజేందర్ అనే ఆయన నా దగ్గరికొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ముసఫ్ఫా పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. భార్యనూ ఏడేళ్ల కూతురు శ్రీజనూ ఈమధ్యే తెచ్చుకుని ఊరి శివారున బనియాస్‌లో కాపురం పెట్టాడట.

"సార్, మా పాప సదువుట్ల జర మెల్లగుంటది. అచ్చరాలు తారుమారైతయి. గిసొంటి పిల్లల్ని ఈడ మంచిగ చూస్తరా? మీరు ఈన్నే సదివిండ్రు గదా, మీరు చెప్తే ఇయ్యాల్నే సీటు తీస్కుంట."

ప్రిన్సిపాల్ చెయ్యి నా భుజం మీద ఉంది. కిటికీ అవతల బస్సు కదులుతోంది.

"ఇక్కడ ప్రతి పిల్లనీ సొంత పిల్లలా చూసుకుంటారండీ" అన్నాను.

రెండువేల తొమ్మిదిలో నాకు పదకొండేళ్లు. అప్పటికి అబుదాబి నగరం మధ్యలో బళ్లు ఇంకా విల్లాల్లో నడుస్తుండేవి. మా బడి అంటే పక్కపక్కనున్న రెండు ఇళ్లు, వాటి మధ్య గోడ కూల్చి చేసిన దారి. ఎవరో పడుకోవాల్సిన గదిలో మా ఐదో తరగతి, ఎవరో వండుకోవాల్సిన వంటింట్లో లైబ్రరీ, పొయ్యి ఉండాల్సిన గట్టు మీద గ్లోబూ అట్లాసులూ. మా తరగతి గదికి ఆనుకుని ఒక స్నానాల గది ఉండేది. అందులోని గులాబీ రంగు తొట్టిలో చుట్టలు చుట్టిన చార్టులు, విరిగిన స్కేళ్లు, వార్షికోత్సవంలో వాడిన అట్టముక్కల కిరీటాలు పడి ఉండేవి. పెరట్లో రేకుల నీడన నీళ్ల సీసాల మూతలు పరిచి, గీతలు గీసి, వేలితో కొట్టి ఆడుకునేవాళ్లం. సెప్టెంబరు ఉక్కకు మూతలు వేళ్లకు అంటుకుపోయేవి, జనవరి పొద్దుల్లో మంచు కమ్మి అవతలి గీత కనిపించేది కాదు.

నాకు నత్తి. ఇంట్లో కొంచెం, బడిలో చాలా, కొత్తవాళ్ల ముందు మరీ. నా పేరులో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. తోటివాళ్లు నవ్వేవాళ్లు, పెద్దవాళ్లు జాలిపడి నా మాటను వాళ్లే పూర్తిచేసేవాళ్లు. సుగుణ టీచర్ ఒక్కతే ఆ రెండూ చేసేది కాదు. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని, నా మాట నా నోట్లోంచి వచ్చేదాకా, ఎక్కడికీ వెళ్లే పని లేనట్టు నిలబడేది. ఆమె కోసం బడికి వెళ్లేవాణ్ణి అంటే అతిశయోక్తి కాదు.

చలికాలం రాగానే పిక్నిక్‌లు మొదలయ్యేవి. అందరికీ కాదు, కొందరికే. పేర్లు సుగుణ టీచర్ చదివేది, అందులో నా పేరు ప్రతిసారీ ఉండేది. ఆ సంగతి విన్నరోజు అమ్మ ముఖం వెలిగిపోయేది. మేమున్న ఫ్లాటులో మరో రెండు కుటుంబాలు ఉండేవి, ఒకటే వంటిల్లు. తెల్లారకముందే లేచి, మిగతావాళ్లు రాకముందే పొయ్యి పట్టుకుని, కాకినాడ నుంచి తెచ్చుకున్న పాత చింతపండు పిసికి, ఇంగువ వేసి, పల్లీలు ఎర్రగా వేయించి పులిహోర కలిపేది. "మా బుజ్జిగాణ్ణి మళ్లీ ఏరేరండీ. వాడి క్లాసులో బాగా చదివే పిల్లల్ని కూడా తీసుకెళ్లట్లేదంట!" అని పక్క గది ఆవిడకు చెప్పేది. నేను కూడా తరగతిలో మిగిలిపోయిన ఫస్టు ర్యాంకుల వాళ్లను చూసి జాలిపడేవాణ్ణి.

బస్సు వెనక గేటు దగ్గరికొచ్చేది. పఠాన్ డ్రైవరు "యల్లా యల్లా, బైఠో బచ్చే!" అని, త్వరగా ఎక్కి కూర్చోమని అరుస్తూ ఒక్కొక్కరి టోపీనీ ముక్కుదాకా లాగేవాడు. సముద్రం ఒడ్డున పచ్చికలో దుప్పట్లు పరిచి, ఒకరి డబ్బాలో ఒకరం చేతులు పెట్టి తిని, ఉప్పుగాలికి పెదాలు పగిలేదాకా పరిగెత్తేవాళ్లం. మాలో ఒకడికి చెవి వినబడదు, ఒకమ్మాయి ఎవరితోనూ మాట్లాడదు, ఇద్దరు ఒకే తరగతి రెండోసారి చదువుతున్నారు. ఇవన్నీ నాకు తెలుసు, కలిపి చూసుకోలేదు. విచిత్రం, ఆ బస్సులో నాకు నత్తి వచ్చేది కాదు.

ఒకసారి పులిహోర డబ్బా ఇంట్లో మరిచిపోయాను. బిడ్డ ఆకలితో ఉంటాడని అమ్మ టాక్సీ ఎక్కి వచ్చింది. ముందు గేటు దగ్గర ఊదు పొగ. ఆమె చేతికో రోజా షర్బత్ గ్లాసిచ్చి, పిల్లను చేర్చడానికొచ్చిన తల్లి అనుకుని, మిగతా అతిథులతో కలిపి తిప్పారు. మా తరగతిలోకీ తీసుకెళ్లారు. నా సీటులో వేరే సెక్షను పిల్లవాడు కూర్చుని పద్యంలా ఇంగ్లీషు అప్పజెబుతున్నాడు. "మా పిల్లల్లో ఇలా మాట్లాడలేనివాళ్లు ఒక్కరు కూడా లేరు" అన్నాడట తిప్పుతున్నాయన. అమ్మ షర్బత్ ముట్టకుండా గ్లాసు బల్లమీద పెట్టి, డబ్బాతో తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం నాన్నతో అంటుంటే విన్నాను. "పిక్నిక్కూ లేదు, పాడూ లేదు. వాణ్ణి దాచేస్తున్నారండీ!"

నాన్న తలెత్తలేదు. "తెల్సు. చేర్చేటప్పుడే చెప్పేరు. నేను సరేనన్నాను. విల్లా బళ్లన్నీ మూసేస్తారంటున్నారు కదా, వీడికి ఇంకెవరిస్తారు సీటు?"

నాకు మాత్రం కోపం అమ్మ మీదే వచ్చింది. పిక్నిక్ పోయిందని.

ఆ తర్వాత అతిథులొచ్చే రోజు అమ్మ పట్టుబట్టి నన్ను ముందు గేటులోంచే పంపింది. సుగుణ టీచర్ నన్ను చూసి, చుట్టూ చూసి, చెయ్యి పట్టుకుని స్నానాల గదిలోకి తీసుకెళ్లింది. "చార్టులన్నీ సర్దిపెట్టు నాన్నా, నీకైతేనే బాగా వచ్చు" అంది. తలుపు దగ్గరగా వేసింది. నేను తొట్టిలో కూర్చుని ప్రపంచ పటాలు ఒకవైపు, మానవ శరీర భాగాలు ఒకవైపు పేర్చాను. అవతల అడుగుల చప్పుడు, ఎవరిదో చెయ్యి తలుపు గడియ మీద పడిన శబ్దం.

"అందులో ఏముందండీ?"

"ఏమీ లేదండీ, పాత సామాన్లు" అంది సుగుణ టీచర్.

నా మాట కోసం అంతసేపు ఎదురుచూసే ఆ గొంతే. నేను ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. ఆమె చెప్పింది అబద్ధం కాకూడదని, ఆమె మీద మాట రాకూడదని, సామానులాగే కూర్చున్నాను.

నాన్ననూ ఆమెనూ క్షమించానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇవాళ ఆ ఊదు పొగలో తెలిసింది, క్షమించడం కాదు, నేనూ ముందు గదిలో నిలబడే రోజు కోసం కాచుకున్నానని. నిలబెట్టారు. నిలబడ్డాను. తలుపు మీద చెయ్యి వేసినట్టు అడిగిన తండ్రికి "ఏమీ లేదండీ" అని నేనూ చెప్పాను.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. రాజేందర్ నంబరిచ్చి వెళ్లాడు కాబట్టి ఫోను చేసి బనియాస్ వెళ్లాను. కిరాణా కొట్టు పైన వాళ్ల ఇల్లు. బస్సు గురించి, తొట్టి గురించి, ఉదయం కిటికీలోంచి నేను చూసినదాని గురించి చెప్పాను. చెబుతుంటే పాత నత్తి తిరిగొచ్చింది. వాళ్లెవరూ నా మాట పూర్తిచేయలేదు.

"మరి పొద్దుగాల గట్లెందుకన్నవ్ తమ్మీ?" అన్నాడు రాజేందర్. ఉదయం 'సార్' అన్నాడు. "నువ్వు చెప్పినవనే నేను సంతకం పెట్టొచ్చిన."

"నలుగురిలో నన్ను మెచ్చుకుంటున్నారని" అన్నాను.

ఆయన భార్య లావణ్య వంటింటి గుమ్మంలోంచి అంది: "పోనియ్, చెప్పిండు గదా. పిల్లను తోలినంక చెప్తే ఏం జేస్తుంటిమి?"

వాళ్ల ముందే ప్రిన్సిపాల్‌కు ఫోను చేశాను. ఉదయం నేను చెప్పినది నిజం కాదని ఆ కుటుంబానికి చెప్పేశానని, పూర్వ విద్యార్థినని హాల్లో గోడమీద పెట్టిన నా ఫోటో తీసేయమని, ఉదయం వచ్చిన మిగతావాళ్లు ఎవరడిగినా ఇదే చెబుతానని అన్నాను. ఆయన "నీకింత చేస్తే..." అని ఫోను పెట్టేశాడు. రాజేందర్‌తో అన్నాను, ఇక ఏ బడైనా సరే, పిలిచిన రోజు వద్దు. మామూలు రోజున పోదాం, బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడదాం, చివరగా ఒంటరిగా వచ్చే పిల్లల ముఖాలు చూద్దాం. వచ్చే వారం సెలవు పెట్టి నేనే కారులో తిప్పుతానన్నాను.

బడి కొత్త భవనానికి మారింది, ఆ రెండు విల్లాలు ఇప్పుడు లేవు. కూల్చి కార్లు నిలిపే చోటు చేశారు. సుగుణ టీచర్ ఎప్పుడో తమ ఊరికి వెళ్లిపోయింది. అన్నీ పోయాయి, పోవాల్సినది ఒక్కటే మిగిలింది, ఆ బస్సు.

లేచి చెప్పులు వేసుకుంటుంటే శ్రీజ వచ్చి నా చొక్కా లాగింది. ఇంతసేపూ తలుపు చాటునుంచి వింటోందన్నమాట.

"అంకుల్, పిక్నిక్ మంచిగుండెనా?"

మొదటి అక్షరం దగ్గర ఆగాను. శ్రీజ ఎదురుచూసింది.

"చాలా బాగుండేదమ్మా" అన్నాను. ఇవాళ ఆ బడి గురించి నేను చెప్పిన మంచి మాటల్లో నిజం అదొక్కటే.