లాకుల దగ్గర ఆగని బస్సు

మొన్న రాజమండ్రి బస్సెక్కితే కండక్టరు ఆడవాళ్ళందరికీ సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నానే గానీ, మనసు మాత్రం కడియం పక్కన మా కాలవగట్టు మీదికి, నేను ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లోకి వెళ్ళిపోయింది.

మాకు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది మా మేనమామే. బస్సు అనేది ‘ఆమ్నిబస్’ అన్న లాటిన్ మాటకి మిగిలిన తోక అనీ, గుర్రాలు లాగే కాలంలో ఫ్రాన్సులో ఆ పేరు పెట్టారనీ, దానర్థం ‘అందరి కోసం’ అనీ ఆయన చెబుతుంటే, మా కాలవకి నీళ్ళు వదిలే లాకుల దగ్గర ఆగే బస్సుని చూసే ఆ పేరు పెట్టారన్నంతగా పొంగిపోయాను. తెల్లారేసరికి గట్టుమీది ఆడవాళ్ళు బంతి, చామంతి బుట్టలతో ఎక్కేసేవారు, వాళ్ళ మధ్య పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని నేను కాలేజీకి వెళ్ళేదాన్ని. అప్పటికి రాజమండ్రికి బదిలీ అయిన మామయ్య తరవాతి స్టాపులో, ఊళ్ళో ఎక్కి, సీటు దొరక్క, తెల్లచొక్కా మీది పూరేకులు దులుపుకుంటూ నిలబడేవాడు.

రెండో ఏడు మొదట్లో బస్సు లాకులవైపు రావడం మానేసింది. ఊళ్ళోకి గట్టు మీద మూడు మైళ్ళ నడక, ఆడపిల్లని ఒంటరిగా పంపేది లేదని నాన్న తేల్చేశాడు. డిపోలో తెలిసినవాళ్ళున్నది మామయ్యకే కదా అని అమ్మా నేనూ వెళ్ళి బతిమాలుకున్నాం. “కనుక్కుంటానమ్మా, మన చేతుల్లో ఏముంది చెప్పు” అన్నాడు, కాఫీలు ఇప్పించి. నెల తరవాత ఊళ్ళో కనబడ్డ కండక్టరు అమ్మతో అసలు సంగతి చెప్పాడు. “బస్సు లాకులవైపు వెళ్ళొద్దని అర్జీ పెట్టింది మీ అన్నయ్యగారేనండి. పూలబుట్టలతో సీట్లన్నీ నిండిపోతున్నాయని రాశారు.”

చదువు ఆగిపోయినందుకన్నా ఆ కాఫీ తాగి వచ్చినందుకు ఎక్కువ ఏడ్చాను. అమ్మ తన అన్నగారిని పల్లెత్తు మాట అనలేదు. అదీ నన్ను కోసింది.

ఇప్పుడు లాకుల దగ్గర ప్రతి బస్సూ ఆగుతోంది. కాలేజీ పిల్లలు నవ్వుకుంటూ ఎక్కుతున్నారు, నాకు మాత్రం ఆ వయసు దాటిపోయింది. మొన్నటి బస్సులో ఊరి దగ్గర మామయ్య చేతికర్రతో ఎక్కి, సీటు కోసం అటూ ఇటూ చూశాడు. లేచి నా సీటిచ్చాను. “చల్లగా ఉండమ్మా” అంటూ కూర్చున్నాడు.

నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, అప్పుడే రోజూ లేచి ఇచ్చేదాన్ని.