తోడల్లుడు నాకొక్కడికే చెప్పిన మాట

చింతపల్లి ఘాట్‌లో సర్వీసు జీపు నడుపుతాను. నా భార్య చెల్లెలి భర్త సైన్యంలో హెలికాప్టర్ల మెకానిక్. అతను సెలవు మీద వచ్చాడంటే, మా అత్తగారింట్లో నేనూ ఒక అల్లుణ్ణేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నిరుడు కాఫీ పళ్లు కోసే రోజుల్లో వచ్చాడు. తోటలో అందరి చేతులూ కొమ్మల మీద, చెవులు అతని మీద. కొత్త రకం హెలికాప్టర్ తయారవుతోందట. రెక్కలు ఒక వరస కాదు, ఒకదాని మీద ఒకటి రెండు వరసలు. ఎదురెదురుగా తిరుగుతాయట. తోక దగ్గర వెనక నుంచి తోసే ఫ్యాను. ఇప్పుడున్న వాటికన్నా చాలా వేగంగా పోతుందట.

"కొండల్లో దెబ్బ తగిలినోణ్ణి బేగి ఆస్పత్రికి సేర్సొచ్చు అత్తా," అన్నాడు. పరీక్షలు జరిగే చోటికి తననూ రమ్మన్నారని చెప్పాడు.

అత్త బుట్ట కింద పెట్టి మరీ వింది. నిండు గర్భిణుల్ని, పాము కరిచినవాళ్లని ఆ ఘాట్‌లో ఎన్నిసార్లు ఆస్పత్రికి దించానో! ఎలా దించావని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. ఆ పూట నేను కోసినవాటిలో సగం పచ్చికాయలే.

"ఏటి సేత్తన్నావు?" అని నా భార్య కసిరింది.

మర్నాడు సంతలో జనాన్ని దించి తిరిగొస్తుంటే జీపులో నేనూ తోడల్లుడూ మాత్రమే మిగిలాం. రెండు మలుపులు దాటాక అతను మెల్లగా నోరు విప్పాడు.

"నాకు బయంగా ఉందన్నయ్యా. ఆ రెండు వరసల మద్దిన ఖాళీ తక్కువ. గట్టిగా మలుపు తిప్పితే రెక్కలు వంగుతాయి. ఒకదానికొకటి తగిల్తే ఇంకేటీ మిగల్దు. నేను బిగించిన దాంట్లోనే తేడా వత్తే? ఇంట్లో మాత్రం సెప్పకు."

"నానెందుకు సెప్తాను?" అన్నాను. పైకి అలా అన్నానే గానీ లోపల ఎంత హాయిగా ఉందో!

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అత్త అతని కంచంలో రెండోసారి కోడికూర వేస్తూ, "మా సిన్నల్లుడు దేనికీ జడవడు," అంది. ఇక ఉండబట్టలేకపోయాను.

"జడవడా? అది కూలిపోద్దని పొద్దున్న నా కాడ వొణికిపోనాడు!"

మరదలు కలుపుతున్న చెయ్యి ఆపేసింది. "నిజవేనా?" అని మొగుణ్ణి అడిగింది.

"నిజవే," అన్నాడతను తల దించుకుని. "కొత్తదానికి పెమాదం ఉంటాది. అందుకే గదా పరీక్ష సేసేది."

నా కేసి ఎవరూ చూడలేదు. మరదలు రెండు రోజులు వద్దని ఏడ్చింది. మూడోనాడు, రోజూ ఫోన్ చేస్తానని మాట తీసుకుని ఒప్పుకుంది. వెళ్లేనాడు అతణ్ణి బస్టాండులో దించింది నేనే. సంచి భుజాన వేసుకుని, "నీకొక్కడికే సెప్పినానన్నయ్యా," అన్నాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఇప్పుడు పరీక్షలు సాగుతున్నాయట. ఒకసారి అదురు ఎక్కువై మధ్యలోనే దించేశారట, మళ్లీ ఎగిరిందట. ఇవన్నీ అతను నా భార్యకి, అత్తకి ఫోన్లో చెబుతాడు. నా సంగతి వస్తే బాగున్నాడా అని అడిగి ఊరుకుంటాడు. వాళ్లు ఫోన్ చెవిన పెట్టుకుని నవ్వుతుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. ఆ మంట అతని ఉద్యోగం చూసి కాదు, ఇప్పుడు నాకొక్కడికే చెప్పడం లేదని.