పీట మీద ఆఫర్ లెటర్

కిందటి దసరాకు నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆయుధపూజ పీట మీద ఒక కాగితం పెట్టారు. ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్ చదివిన జీవన్‌కు ఒక కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ అది. తండ్రి పోశయ్య లేత్ మిషన్ పనిలో కొలతలు తీసే తన మైక్రోమీటర్ పక్కనే దాన్ని పెట్టి, మురిసిపోతూ పసుపు కుంకుమ అద్దాడు. కాగితానికి బొట్టేమిటని నవ్వకండి. కొడుకు పనిముట్టంటూ ఆయనకు కనబడింది అదొక్కటే.

చేరే తేదీ మాత్రం నెలనెలా వెనక్కి జరిగింది. ఈలోపు జీవన్ ఊరికే ఉన్నాడనుకునేరు! ఉప్పల్ మెట్రో మెట్ల మీద కూర్చుని ఊహల్లో రోజుకో బతుకు బతికాడు. సోమవారం బెంగళూరులో ఇంజనీరు, మంగళవారం సర్కారు ఆఫీసరు, బుధవారం సొంత టిఫిన్ సెంటర్ ఓనరు. కోచింగ్‌కని ఇంట్లో చెప్పి, రెండు నెలలుగా బండి మీద పార్శిళ్లు ఇస్తున్నాడు. పోయిన వారం ఉద్యోగం లేదని మెయిల్ వచ్చింది. ఆ రోజు నుంచి పాపం ఒక్క ఊహా రావడం లేదు.

ఈ దసరా పొద్దున తల్లి సత్తమ్మ బీరువాలోంచి అదే కాగితం తీసింది.

"నీది గిది పెట్టు బిడ్డా."

జీవన్‌కు చెయ్యి రాలేదు. "వద్దమ్మా. గా నౌకరి పోయింది. పార్శిళ్లు ఇస్తున్న. కోచింగ్ గీచింగ్ ఏం లేదు," అన్నాడు.

సత్తమ్మ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పోశయ్య లోపలికి వెళ్లి ఒక టార్చిలైటు తెచ్చి పీట మీద పెట్టాడు. ఉగాదికి ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా పోతున్నాడు.

"మైక్రోమీటర్ ఏది నాయినా?"

"ఇప్పుడు అన్నం పెట్టేది గిదే గద. ముప్పై ఏండ్లు మిషన్ మీద నిలబడ్డోన్ని, గేటు కాడ కూసునుడు మస్తు సిగ్గనిపించింది. ఎట్లున్నది నాయినా అని నువ్వొక్కనాడన్న అడుగుతవేమోనని సూసిన."

జీవన్ కళ్లు నిండాయి. తన రేపటి గురించి అన్ని ఊహలు అల్లినవాడు, నాన్నకూ ఒక రేపు ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. జేబులోంచి బండి తాళంచెవి తీసి టార్చిలైటు పక్కన పెట్టాడు. సత్తమ్మ రెండింటికీ బొట్లు పెట్టింది.

"గేటు కాడ కూసోని ఏం ఆలోచిస్తవ్ నాయినా?"

పోశయ్య కాస్త సిగ్గుపడ్డాడు. "ఏమేమో అనుకుంటరా. చిన్న షెడ్డు, అండ్ల ఒక పాత లేత్ మిషన్."

"ఎక్కడ పెడుతవ్?"

"గీ పక్కనే, మల్లాపూర్ల," అన్నాడు పోశయ్య వెంటనే.